రెండు వేళ్ల గడి

అంబులెన్స్ తూములపాడు అడ్డరోడ్డుకి చేరేసరికి పదకొండుంబావు అయింది. ఏసుబాబుని పొలం నుంచి మోటార్‌సైకిల్ మీద ఇద్దరి మధ్య కూచోబెట్టుకుని తెచ్చి, బస్సు షెల్టరు అరుగు మీద పడుకోబెట్టారు. నోటి చివర నుంచి నురగ కారుతోంది. బండిలో వైద్యం చూసే కరుణశ్రీ వంగి కనురెప్పలు ఎత్తి టార్చి వేసింది. రెండు కంటిపాపలూ గుండుసూది మొనంత అయ్యాయి. తొడ కండరాలు చర్మం కింద అదురుతున్నాయి. వరికి దోమపోటు పడి, పురుగుమందు చల్లే నెల అది. ఏం జరిగి ఉంటుందో టార్చి వేయకముందే ఆమెకి తెలుసు.

పౌలు స్ట్రెచర్ దింపాడు. బండి నడిపేవాణ్ణి ఆ ఉద్యోగంలో పైలట్ అంటారు. పౌలుకి యాభై రెండేళ్లు, ఆ మాటంటే నవ్వొస్తుంది. ఇద్దరూ కలిసి మనిషిని ఎత్తేటప్పుడు కరుణశ్రీ చెయ్యి అతని వీపు కిందకి వెళ్లింది. చొక్కా తడిగా ఉంది. చెమట అనుకుంది. చెయ్యి ముక్కు దగ్గరకి తెచ్చుకుంటే చెమట కాదు, పురుగుమందు. వంగి అతని నోటి దగ్గర వాసన చూసింది. అక్కడ లేదు. వీపు నుంచి వస్తోంది, నడుము నుంచి వస్తోంది, లుంగీ కట్టు దగ్గర నుంచి వస్తోంది.

పొలం ఆసామి బసవేశ్వరరావు స్కూటర్ స్టాండు వేసి పది అడుగుల దూరంలో నిలబడ్డాడు. జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

“తాగాడేమో చూడమ్మాయ్,” అన్నాడు. “పొద్దున ఇంట్లో ఏదో గొడవంట.”

కరుణశ్రీ గ్లోవ్స్ తొడుక్కుని కత్తెర తీసింది. చొక్కాని మెడ నుంచి కింద దాకా కత్తిరించి, లుంగీతో కలిపి సంచిలో వేసి మూతి కట్టింది. ఐదు లీటర్ల క్యాన్ తెరిచి వీపంతా సబ్బుతో కడిగింది, మళ్లీ కడిగింది. స్ప్రే ట్యాంకు పట్టీలు ఆనే చోట రెండు భుజాల మీదా చర్మం ఎర్రబడి ఉంది. అక్కడ మూడోసారి కడిగింది. దుప్పటి కప్పి ఆక్సిజన్ పెట్టి తలుపు వేసింది. పౌలు అప్పటికే బండి తిప్పి ఉంచాడు.

దారిలో ఫోన్లో డాక్టరు చెప్పిన మోతాదు ప్రకారం విషానికి విరుగుడు అట్రోపిన్ ఎక్కించింది. ఐదు నిమిషాలకి మళ్లీ ఎక్కించింది. నోట్లో చేరేది మెషీన్‌తో లాగుతూ ఉంది. వేమూరు దాటాక ఏసుబాబు కళ్లు తెరిచాడు. మాస్కు కొంచెం జరపమని సైగ చేశాడు.

“ట్యాంకు కారుతోందని మొన్నే చెప్పానండి మేడమ్. ఇయ్యాల ఒక్కరోజు కానిచ్చెయ్యమన్నారు.”

మాట్లాడొద్దని, ఊపిరి పీల్చుకోమని ఆమె చెప్పింది. అతను మళ్లీ మాస్కు జరిపాడు.

“సామ్రాజ్యానికి నెమ్మదిగా చెప్పమనండి. కంగారు పడుద్ది.” భార్య పేరు కాబోలు అనుకుంది కరుణశ్రీ.

తెనాలి రైల్వే గేటు పడి ఉంది. పౌలు ఇంజన్ ఆపకుండా తల వెనక్కి తిప్పాడు. “ఈ గేటుకి మన బండి సౌండ్ వినపడితే చాలు, ప్రేమగా పడిపోద్ది,” అన్నాడు. ఆ నాలుగు నిమిషాల్లో కరుణశ్రీ రికార్డు రాసింది. రోజూ అక్కడే రాస్తుంది.

రికార్డు ఒక పేజీ. దానికి మూడు ప్రతులు: పైన తెల్లది, మధ్యలో పసుపు, అడుగున గులాబి; వాటి నడుమ కార్బన్. తెల్లది ఆసుపత్రికి, పసుపు బాపట్ల ఆఫీసుకి, గులాబి పుస్తకంలోనే ఉంటుంది. అందులో గడులు ఉంటాయి. ఏం జరిగిందో రాసే గడి అన్నిటికన్నా చిన్నది, రెండు వేళ్ల వెడల్పు. అందులో వాక్యాలు పట్టవు. అందుకే బండి లోపల, ఆక్సిజన్ మీటరు పక్కన, ప్లాస్టిక్ అంటించిన జాబితా ఒకటి ఉంది. అరవై నాలుగు పొట్టి రాతలు. అవే రాయాలి, సొంతంగా ఏదీ కల్పించకూడదు. దేశంలో ఏ డాక్టరు చూసినా ఒకే అర్థం రావాలని ఆ ఏర్పాటు. గుండెనొప్పికి ఒకటి, రోడ్డు ప్రమాదానికి ఒకటి, పాత షుగరు జబ్బుకి ఒకటి. కరుణశ్రీకి అరవై నాలుగూ కంఠతా వచ్చు. కొత్తగా చేరినవాళ్లకి బాపట్లలో ఆమే నేర్పుతుంది.

పురుగుమందు కేసుకి కూడా ఒక వరుస ఉంది. ‘ఏ హెచ్ ఓ’ అని మొదలవుతుంది, ‘ఓ పీ’ అని నడుస్తుంది, ‘కన్స్’ అని ముగుస్తుంది. పురుగుమందు తాగినట్టు చెబుతున్నారు అని దాని అర్థం. ఎవరు చెబుతున్నారో అందులో ఉండదు. ఎనిమిదేళ్లలో ఆ వరుస ఆమె ఎన్నిసార్లు రాసిందో లెక్కలేదు. గేటు లేచేలోపు అది రాసింది. కింద చికిత్స గడిలో బట్టలు తీసేశామని, చర్మం కడిగామని, అట్రోపిన్ ఎంత ఇచ్చామో, ఏ టైముకి ఇచ్చామో రాసింది. సంతకం పెట్టింది. పౌలు గేరు వేశాడు.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు తెల్ల కాగితం అందుకుని, నిలబడే, ఆ వరుస చూసి తన కేస్‌షీట్ మీద అదే దింపుకున్నాడు. అప్పటికి ఏసుబాబు మాట్లాడే స్థితిలో లేడు. గొంతులోకి గొట్టం వేసి లోపలికి తీసుకెళ్లారు. కరుణశ్రీ సంచి మూతి మరోసారి బిగించి, చెత్త పారేసే చోట వేసి, చేతులు కడుక్కుని వచ్చి బండెక్కింది. మర్నాడు మధ్యాహ్నం పౌలు టీ తాగుతూ, ఆ తూములపాడు మనిషి పోయాడంట అని చెప్పాడు.

*

తొమ్మిదో రోజు గురువారం. రేపల్లెలో అంబులెన్స్ నిలిపే షెడ్డు దగ్గరకి ఒకామె నడుచుకుంటూ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. నల్ల జాకెట్టు, తెల్ల చీర. చేతిలో జిరాక్స్ కాగితాలు పిన్ను కొట్టి ఉన్నాయి. పౌలు ఆమెని కూచోమని కుర్చీ చూపించాడు. కూచోలేదు.

“కరుణశ్రీ అంటే మీరేనా అమ్మా?”

అవునంది కరుణశ్రీ.

ఆమె కాగితాలు తిప్పి మూడోది పైకి తీసింది. అది తెల్ల కాగితం జిరాక్స్. కింద కరుణశ్రీ సంతకం ఉంది. ఏసుబాబు భార్యనని, తన పేరు సామ్రాజ్యమని చెప్పింది. మరణ ధ్రువపత్రానికి కావలసిన కాగితాల కోసం పోలీస్ స్టేషన్‌కి వెళితే, అక్కడ రాతపని చూసే రైటర్ ఇవి ఇచ్చాడంది. మొదటి కాగితం ఆమె ఫిర్యాదు. కడుపునొప్పి భరించలేక పురుగుమందు తాగి మరణించినాడు అని ఉంది. కింద వేలిముద్ర. ఆయనకి కడుపునొప్పి ఎప్పుడూ లేదని ఆమె చెప్పిందట. తాగినవాళ్లందరికీ అలాగే రాస్తామని, డాక్టరు కాగితంలోనే తాగాడని ఉందని రైటర్ అన్నాడట. డాక్టరుకి ఎవరు చెప్పారని అడిగితే ఈ మూడో కాగితం చూపించాడు.

కరుణశ్రీ ఆ కాగితం వైపు చూసింది. తన అక్షరాలు తనకి తెలుసు. గేటు దగ్గర రాస్తే బండి ఇంజన్ అదురుకి అక్షరం కొసలు వంకర తిరుగుతాయి. ఇవీ అలాగే ఉన్నాయి.

“నేనేం గొడవకి రాలేదమ్మా. ఒక్కటి అడిగి పోదామని. బండిలో ఆయనకి తెలివొచ్చిందని ఆసుపత్రిలో నర్సమ్మ చెప్పింది. మీతో ఏమన్నా చెప్పాడా?”

“ఏం చెప్పాడని?”

“ఎందుకు తాగానని.”

పౌలు గ్లాసు కింద పెట్టాడు.

సామ్రాజ్యం కాగితాల అంచులు సరిచేస్తూ మాట్లాడింది. ఆ పొద్దున తమకి గొడవైంది. అంతకుముందు రెండు రోజులు ఆయన పురుగుమందు చల్లడానికి వెళ్లాడు. రెండో రోజు సాయంత్రం వచ్చి వాంతులు చేసుకున్నాడు. చూపు మసకగా ఉందన్నాడు. మూడో రోజు వెళ్లొద్దని ఆమె అడ్డం పడింది. మాటిచ్చానని ఆయన చొక్కా వేసుకున్నాడు.

“పోతే పో, పోయి చావు అన్నానమ్మా. ఆ మాటే అన్నాను. గుమ్మం దిగుతా విన్నాడు.”

ఆమె ఏడవలేదు. శవాన్ని చర్చిలోకి తీసుకెళతామని పెద్దలు అంటే తానే వద్దన్నానని చెప్పింది. ప్రాణం తీసుకున్న మనిషిని ఏ మొహంతో లోపలికి తీసుకెళ్లను అనిపించిందంది. ఇంటి దగ్గర నుంచే నేరుగా సమాధుల దొడ్డికి తీసుకెళ్లారు. తాను వెంట వెళ్లలేదు. ఇప్పటికీ అటు వెళ్లలేదు.

కరుణశ్రీ నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే షెడ్డులో ఫోన్ మోగింది. నిజాంపట్నం వైపు కాన్పు కేసు. పౌలు తాళాలు తీసుకున్నాడు. రికార్డు చూసి చెబుతాను అక్కా, ఆదివారం నేనే మీ ఇంటికి వస్తాను అని మాత్రం అనగలిగింది. సామ్రాజ్యం తల ఊపి కాగితాలు మడిచి జాకెట్టులో పెట్టుకుంది. బండి మలుపు తిరిగేటప్పుడు అద్దంలో కనిపించింది. బస్టాండు వైపు నడుస్తోంది.

“చూసి చెప్పేదేముంది అమ్మాయ్,” అన్నాడు పౌలు రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా. “ఆ వీపు నువ్వు కడుగుతుంటే నీళ్లు పోసింది నేనేగా.”

*

శుక్రవారం ఆమె సెలవు పెట్టి బాపట్ల బస్సెక్కింది. జిల్లా సూపర్‌వైజర్ కృష్ణకాంత్ ఆఫీసు ఒక డాబా మీద రెండు గదులు. పసుపు కాగితాల కట్టలు గోడ వెంబడి బీరువా ఎత్తున ఉన్నాయి. కృష్ణకాంత్ చెడ్డవాడు కాదు. ఆమె కాన్పు సెలవు కాగితం తానే హైదరాబాద్ దాకా వెంటపడి పాస్ చేయించాడు. కొత్త బ్యాచ్ గురించి అడగబోయి, ఆమె మొహం చూసి ఆగాడు.

కరుణశ్రీ గులాబి పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టింది. పై గడిలో తాగాడని ఉంది. కింది గడిలో చర్మం కడిగామని ఉంది. తాగిన మనిషికి మూడుసార్లు వీపెందుకు కడుగుతామని అడిగింది. ట్యాంకు గురించి బండిలో ఏసుబాబు అన్న మాటా చెప్పింది.

కృష్ణకాంత్ రెండు గడులూ చదివాడు. కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని ఇంకోసారి చదివాడు.

“దీంట్లో ఇప్పుడేం చేద్దామని?”

దిద్దుతానంది. రికార్డు దిద్దడానికి పద్ధతి ఉంది. కొట్టేసింది కూడా కనపడాలి కాబట్టి, తప్పు మీద ఒకటే గీత గీసి, పక్కన సరైనది రాసి, దిద్దిన రోజు తారీఖు వేసి సంతకం పెట్టాలి. ఒక రోజు దాటితే సూపర్‌వైజర్ సంతకం కూడా కావాలి. ఆ పద్ధతి కొత్తవాళ్లకి ఆ గదిలోనే ఆమె నేర్పింది.

“స్టేషన్లో ఫైలు మూసేశారు కరుణా. నువ్వు ఇప్పుడు దిద్దితే ఆ ఆసామి ఊరుకోడు. ట్యాంకు కారిందని నీకెవరు చెప్పారంటాడు. పేషెంటు చెప్పాడంటావు. మరి ఆరోజు ఎందుకు రాయలేదంటాడు.”

“గడి సరిపోలేదు సార్.”

“గడి సరిపోలేదని కోర్టులో చెప్తావా? మనం కథలు రాసేవాళ్లం కాదమ్మా. ఏడు నిమిషాల్లో పేషెంటుని అప్పజెప్పాలి. అరవై నాలుగు మాటలిచ్చారు, వాటితో బతకాలి.”

చర్మం మీద పడి విషం ఎక్కినవాళ్లకి ఆ అరవై నాలుగులో ఏది రాయాలో చెప్పమని ఆమె అడిగింది. కృష్ణకాంత్ సొరుగులోంచి జాబితా తీశాడు. పై నుంచి కింద దాకా వేలు పెట్టి చూశాడు. తిప్పి చూశాడు. సొరుగులో పెట్టేశాడు.

కాసేపటికి గొంతు తగ్గించి ఒక దారి చెప్పాడు. దిద్దుబాటు మీద తాను సంతకం పెడతాడు. దానితోపాటు ఆమె సంజాయిషీ ఒకటి రాసివ్వాలి. పని ఒత్తిడి వల్ల ఈ ఒక్క కేసులో పొరపాటు జరిగింది, ఇంతకుముందు ఎప్పుడూ జరగలేదు అని. అలా ఉంటే మెమోతో పోతుంది. అది లేకుండా పైకి పంపితే ముందు ఉద్యోగం నుంచి ఆపి, తర్వాత విచారణ అంటారు. తెల్లకాగితం, పెన్ను ఆమె ముందుకి జరిపాడు.

కరుణశ్రీ పెన్ను మూత తీసింది. తారీఖు వేసింది. ఈ ఒక్క కేసులో అని రాసింది. అక్కడ పెన్ను ఆగిపోయింది.

కృష్ణకాంత్ ఎదురుచూశాడు. బయట మెట్ల మీద ఎవరో చెప్పులు విడిచారు.

“సోమవారం ఇస్తాను సార్,” అంది. “పాత పుస్తకాలు ఒకసారి చూడాలి.”

“చూడకు,” అన్నాడు కృష్ణకాంత్. చూడొద్దు అని ఆజ్ఞ ఇచ్చినట్టు కాదు. జ్వరమొచ్చిన మనిషికి చల్లగాలిలోకి వెళ్లకు అని చెప్పినట్టు అన్నాడు.

*

షెడ్డులో గులాబి పుస్తకాలు ఇనప పెట్టెలో ఉంటాయి. శనివారం డ్యూటీలో కేసుకీ కేసుకీ మధ్య పౌలు అవి తీసి దుమ్ము దులిపి అందించాడు. వరికి పురుగుమందు చల్లే నెలలవి మాత్రం వేరు చేసింది. కిందటేడాదివి, ఈ ఏడాదివి కలిపి పద్నాలుగు పుస్తకాలు. పురుగుమందు కేసులు ముప్పై ఒకటి వచ్చాయి. ముప్పై ఒకటిలోనూ పై గడిలో ఒకటే వరుస ఉంది. అక్షరం తేడా లేదు.

ఆ తర్వాత కింది గడులు చదివింది. ఇరవై ఏడింటిలో నోరు కడిగామని, పక్కకి తిప్పి పడుకోబెట్టామని ఉంది. మిగతా నాలుగింటిలో బట్టలు తీసేశాము, చర్మం కడిగాము అని ఉంది. ఒకదాంట్లో కాళ్లు. ఒకదాంట్లో కుడి భుజం, మెడ. రెండింటిలో వీపు. ఏసుబాబు. కిరీటి. జశ్వంత్. రమేష్ బాబు. ఆ మనుషుల మొహాలు గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. జశ్వంత్ ఒక్కడు లీలగా గుర్తొచ్చాడు, చేతికి ఎర్రదారం. మిగతా ఇద్దరూ రాలేదు. వాళ్లు బతికారో లేదో ఈ పుస్తకాల్లో ఉండదు. ఆసుపత్రి గుమ్మం దగ్గర రికార్డు అయిపోతుంది.

పౌలు పక్కన నిలబడి పేర్లు చదివాడు.

“ఇవి రాసేటప్పుడు కూడా ఆ రైల్వే గేటేనా?”

“గేటు తప్పేం లేదు పౌలన్నా.”

“నేనూ అదే అంటున్నా,” అన్నాడు పౌలు. పెట్టె మూత వేశాడు.

ఆమెని తొలిచింది ఇంకొకటి. ఆరోజు బసవేశ్వరరావు రుమాలుతో మెడ తుడుచుకుంటూ అన్న మాట చేతిలోకి వచ్చి పడిందా, లేక ఆ మాట లేకపోయినా చెయ్యి అదే రాసేదా అని. మిగతా మూడు కేసుల్లో రోడ్డు మీద ఎవరేమన్నారో గుర్తు లేదు. ఎవరూ ఏమీ అనకపోయినా రాసే ఉంటుంది. అలా అనుకుంటే మనసు తేలికపడలేదు.

*

ఆదివారం తూములపాడులో బస్సు దిగేసరికి ఆరాధన అయిపోయి జనం చర్చిలోంచి బయటికి వస్తున్నారు. కరుణశ్రీది కూడా అదే సంఘం, రేపల్లెలో. పుస్తకాలున్న గుడ్డసంచి భుజాన వేసుకుని దారి అడిగింది. ఎవరో ఒకామె ఇల్లు చూపించి, ఆమె గుడికి రావటం మానేసిందమ్మా, మీరైనా చెప్పండి అంది.

సామ్రాజ్యం గుమ్మంలో కూచుని బియ్యంలో మట్టిగడ్డలు ఏరుతోంది. చేట పక్కన పెట్టి లేవబోయింది. కరుణశ్రీ వద్దని తానే మెట్టు మీద కూచుంది. దారంతా ఎలా మొదలుపెట్టాలో అనుకుంటూ వచ్చింది. ఏదీ పనికిరాలేదు.

“ఆయన తాగలేదు అక్కా.”

సామ్రాజ్యం చేతిలో ఒక గడ్డ ఉంది. దాన్ని అలాగే పట్టుకుంది.

కరుణశ్రీ చెప్పింది. చొక్కా వెనక తడి, నోట్లో వాసన లేకపోవటం, భుజాల మీద పట్టీల ఎరుపు. ట్యాంకు కారుతోందని ఆయన చెప్పిన మాట, ఒక్కరోజు కానిచ్చెయ్యమన్నారన్న మాట. ముందురోజు సాయంత్రం వాంతులు, చూపు మసక ఆ విషం వల్లేనని, అప్పటికే రెండు రోజులుగా ఒంటికి పట్టిందని, ఆరోజు వెళ్లొద్దని సామ్రాజ్యం అడ్డుపడింది సరైన మాటేనని చెప్పింది. తాగాడని రాసింది మాత్రం తానేనని, ఆయన అనలేదని, ఎవరూ అనకపోయినా అలవాటుగా అదే రాసి ఉండేదాన్నని చెప్పింది. ఎక్కడా ఆగలేదు. ఆగితే మళ్లీ మొదలుపెట్టలేననుకుంది.

“మీ గురించి ఒక మాట అన్నాడు. సామ్రాజ్యానికి నెమ్మదిగా చెప్పమనండి, కంగారు పడుద్ది అన్నాడు.”

కోడి ఒకటి వచ్చి చేటలో ముక్కు పెట్టింది. సామ్రాజ్యం తోలలేదు.

“పన్నెండు రోజులు,” అంది చివరికి. “పన్నెండు రోజుల నుంచి ఆయన్ని తిట్టుకుంటానే ఉన్నానమ్మా. నా మీద కసితో చచ్చాడని. మీరు రాసినదే నిజమనుకున్నాను. మన సంఘం పిల్ల, చదువుకున్న పిల్ల రాసిందంట కదా, ఊరికే ఎందుకు రాస్తుంది అనుకున్నాను.”

కరుణశ్రీ తల వంచుకుంది. క్షమించమని అడగాలనుకుని వచ్చింది. ఆ మాట విన్నాక అడగలేకపోయింది.

సామ్రాజ్యం లేచి లోపలికి వెళ్లింది. నీళ్లు మొహాన కొట్టుకుంటున్న చప్పుడు వినపడింది. తిరిగి వచ్చి, ఆ సంచిలో ఏంటని అడిగింది. దిద్దడానికి తెచ్చిన పుస్తకాలని, ఇలా ఇంకో ముగ్గురివి కూడా రాశానని కరుణశ్రీ చెప్పి పేర్లు, ఊళ్లు చదివింది. మూడో పేరు దగ్గర సామ్రాజ్యం చెయ్యి ఎత్తి ఆపింది.

“రమేష్ బాబా? గుండ్లవారిపాలెం రమేష్ బాబేనా? కిందటేడు కోతలకి ముందు?”

అవునంది కరుణశ్రీ.

ఆ ఊరు కాలవ అవతలే. సామ్రాజ్యం గోడకి ఆనుకుని నిలబడింది. రమేష్ బాబు భార్య నీరజ తనతో పాటు నాట్లకి వచ్చేదని చెప్పింది. మొగుడు తాగి చచ్చిన దగ్గర నుంచి ఆ పిల్లని కూలి ముఠాలోకి ఎవరూ పిలవటం లేదంది. ఆ పిల్ల నోరు మంచిది కాదని, ఆ నోరు పడలేకే అతను మందు డబ్బా ఎత్తాడని ఊరంతా అనుకున్నారంది.

“నేనూ అన్నానమ్మా. అందరికన్నా ముందు నేనే అన్నాను. మడిలో, పదిమందిలో.”

తలుపు దగ్గరగా వేసి గొళ్లెం పెట్టింది. చేట అక్కడే ఉంది. పదండి అంది. సమాధుల దొడ్డి దారిలోనే పడుతుంది. గేటు దగ్గర సామ్రాజ్యం ఆగింది. లోపల చివరి వరసలో మట్టి ఇంకా కుదుటపడని గుట్ట ఒకటి ఉంది. అటు చూసింది. “వచ్చేటప్పుడు వస్తాను,” అంది. కరుణశ్రీతో కాదు.

కాలవ వంతెన దాటి ఇద్దరూ గుండ్లవారిపాలెం చేరేసరికి ఒంటిగంట. నీరజది వీధి చివర రేకుల ఇల్లు. బట్టలు ఆరేస్తోంది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. సామ్రాజ్యాన్ని చూసి తడి బట్ట చేతిలోనే పిండుతూ నిలబడింది.

“ఏంటి అక్కా, దారి తప్పావా?” అంది. “ఈ వీధిలోకి రావటానికి మీకు ఏడాది పట్టింది.”

సామ్రాజ్యం పక్కకి జరిగింది. కరుణశ్రీ సంచి దింపి పుస్తకం తెరిచింది. తానెవరో చెప్పింది. కిందటేడు మీ ఆయన్ని తీసుకెళ్లిన బండిలో ఉన్నది తానేనంది. రాసింది తప్పని, ఆయన తాగలేదని, పని చేస్తుంటే కాళ్లకి పట్టిన విషమని చెప్పింది.

నీరజ బట్టని తీగ మీద వేసి, కొసలు లాగి, క్లిప్పు పెట్టింది.

“నాకు తెలుసండి,” అంది.

కరుణశ్రీ ఆమె వైపు చూసింది.

“ప్యాంటు పిక్కల దాకా తడిసి ఉందని, నోటి దగ్గర వాసన లేదని ఆరోజే చెప్పాను. బండి దగ్గర మీతోనే చెప్పాను. మీరు పేరు, వయసు రాసుకుంటున్నారు, తల ఎత్తలేదు. ఆసుపత్రిలో చెప్పాను, స్టేషన్లో చెప్పాను. అందరూ రాసుకున్నారు కానీ నేను చెప్పింది ఎవరూ రాసుకోలేదు.”

సామ్రాజ్యం మెల్లిగా అరుగు మీద కూలబడింది. నీరజ ఆమెని చూసింది. లోపలికి వెళ్లి, చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె పక్కన పెట్టింది.

కరుణశ్రీ పుస్తకాన్ని మోకాళ్ల మీద పెట్టుకుంది. కిందటేడాది వరుస మీద స్కేలు పెట్టి ఒక గీత గీసింది. కొట్టేసింది గీత కింద కనపడుతోంది. పక్కన తారీఖు వేసి సంతకం పెట్టింది.

“ఇప్పుడు చెప్పండమ్మా. రాసుకుంటాను.”

నీరజ తడి చేతులు చీరకి తుడుచుకుంది.

“మొదటి నుంచా?”

“మొదటి నుంచే.”

నీరజ గుమ్మంలో కూచుంది. ఆ పొద్దున ఆయన ఎన్నింటికి లేచాడో అక్కడి నుంచి మొదలుపెట్టింది. కరుణశ్రీ గడి వైపు చూసింది. రెండు వేళ్ల వెడల్పు. కాగితం తిరగేసి, వెనక ఖాళీగా ఉన్న పేజీ మీద పై నుంచి రాయటం మొదలుపెట్టింది.